సంస్థాధిపతులు – పార్లమెంటు: తెగని వివాదమునకు ఒక సమీక్ష

వ్యాపార సంస్థలకు అధిపతులై యుండినవారు పార్లమెంటునకు పోటీచేయుట, మంత్రిపదవులు స్వీకరించుట యుక్తమా కాదా యను వాదము మన దేశమున నూరేండ్లకు చేరువగుచున్నది. ఇన్నాళ్లకును అది తెగకపోవుటకు ముఖ్యకారణము, వాదించువారందరు ఒకే విధమగు మనుష్యుని గూర్చి మాటాడకపోవుటయే. ఒకరి మనసున మెదలునది ఇన్ఫోసిస్ స్థాపకులలో నొకరై, దానిని విడిచివచ్చిన నందన్ నీలేకని. మరియొకరి మనసున మెదలునది రాజ్యసభ సభ్యుడై యుండగనే, బ్యాంకుల అప్పులు తీరకమునుపే 2016లో దేశము విడిచిన విజయ్ మాల్యా. తెలుగునాట ఇదే మాట యెత్తినచో జనులకు ముందుగ తోచునది కాలువలు త్రవ్వి, రహదారులు వేసి, పార్టీ టికెట్టు సంపాదించిన కాంట్రాక్టరు.

జీతమునకు పనిచేసి సంస్థను నడపిన మేనేజరు, వాటాలు తన కుటుంబము చేతనే యుంచుకొన్న యజమాని, ప్రభుత్వపు పనులమీద ఆధారపడిన కాంట్రాక్టరు – ఈ మువ్వురకు రాజ్యముతో గల సంబంధము మూడు తెరగులుగ నుండును. ముగ్గురిని ఒకే మాటక్రింద చేర్చి మంచిచెడ్డలు నిర్ణయింపబూనుట వలననే వివాదము చిక్కువడినది. చర్చయంతయు వచ్చువాని సామర్థ్యము చుట్టునే తిరుగుచున్నది. ఆతడు ఏ ద్వారమున లోనికి వచ్చెను, వచ్చునపుడు దేనిని విడిచివచ్చెను అను రెండు విషయములు చాలినంత పరిశీలనకు రాలేదని నా అభిప్రాయము. ఈ రెండింటిని ముందుంచుకొని చరిత్రను, వాదములను, చట్టమును తరచిచూచుట ఈ వ్యాసోద్దేశము.

తొలి తరము: విరాళము, సలహా, పదవి

1926లో ఘనశ్యామదాసు బిర్లా నాటి కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యెను. 1930లో రాజీనామా యిచ్చిన పిమ్మట గాంధీజీకి సన్నిహితుడుగ, కాంగ్రెసునకు ధనసహాయకుడుగ నుండుటకే ప్రాధాన్యమిచ్చెను. ఆ తరపు వర్తకశ్రేష్ఠులలో పెక్కుమంది త్రొక్కిన త్రోవ యిదియే: సభలో కూర్చుండుట కాదు, సభలో కూర్చుండువారికి తోడుపడుట. 1944లో ఎనమండుగురు కలసి ప్రకటించిన బొంబాయి ప్రణాళిక ఈ ధోరణికి పరాకాష్ఠ. జె.ఆర్.డి. టాటా, బిర్లా, పురుషోత్తమదాసు ఠాకూరుదాసు, కస్తూర్‌భాయి లాల్‌భాయి మొదలగువారు స్వతంత్ర భారతమునకు ఆర్థికమార్గమును సూచించిరే గాని తామే ఆ మార్గమున రథము తోలుదుమని చెప్పలేదు. ఆ ఎనమండుగురిలో నిరువురు మాత్రము అధికారపదవులు స్వీకరించిరి. అర్దెషీర్ దలాల్ ఆ యేడే వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో ప్రణాళికాభివృద్ధి శాఖకు సభ్యుడయ్యెను. టాటా సంస్థలలో డైరెక్టరైన జాన్ మథాయి స్వతంత్ర భారతమునకు ఆర్థికమంత్రియై, ప్రణాళికా సంఘమునకు మంత్రివర్గముపై పెత్తనము కలుగుచున్నదని అభ్యంతరపడి 1950లో తప్పుకొనెను. ఇరువురును ఉద్యోగపు టనుభవముగల నిర్వాహకులే గాని సంస్థలకు యజమానులు కారు.

యజమాని యైన మంత్రి యెట్లుండునో తెలుపునది టి.టి. కృష్ణమాచారి చరిత్రము. 1928లో మదరాసున వ్యాపారసంస్థను స్థాపించి, దానిని కుటుంబమువారి చేతులకు విడిచి, రాజ్యాంగ ముసాయిదా సంఘమున సభ్యుడై, తుదకు ఆర్థికమంత్రి యైన ఆయన రెండు పర్యాయములు ఆ పదవిని కోల్పోయెను. ఆ రెండు రాజీనామాలు రెండు వేరు పాఠములు చెప్పుచున్నవి. 1957లో జీవిత బీమా సంస్థ హరిదాస్ ముంద్రా కంపెనీల వాటాలను సుమారు 1.24 కోట్ల రూపాయలకు కొన్న సంగతిని ఫిరోజ్ గాంధీ లోక్‌సభలో లేవనెత్తగా, న్యాయమూర్తి ఛాగ్లా బహిరంగ విచారణ జరిపి, శాఖలో జరిగినదానికి మంత్రియే బాధ్యుడని నిర్ణయించెను; కృష్ణమాచారి 1958 ఫిబ్రవరిలో దిగిపోయెను. ఈ దోషము వ్యాపారియే కానక్కరలేదు, ఏ వకీలు మంత్రియైనను, ఏ పండితుడు మంత్రియైనను తగులుకొనదగినది. రెండవది అట్టిది కాదు. 1965లో ఆయన కుమారుల వ్యాపారములకు లాభము చేకూరినదని ఆరోపణలు రాగా, ప్రధాని లాల్‌బహదూర్ శాస్త్రి ప్రాథమిక విచారణ కావలెనని పట్టుపట్టుటతో ఆయన రాజీనామా యిచ్చెను. ఆరోపణ నిజమా కాదా యనుట అటుండనిండు. వ్యాపారమును ఇంటివారికి అప్పగించినంత మాత్రమున మంత్రికి దానితో తెగతెంపు లైనట్లు లోకము నమ్మదనుట అప్పుడే తేటపడినది. అరువదియేండ్ల తరువాతను మన నియమావళి ఈ సంగతిని గుర్తింపకుండుటను ముందు చూడగలము.

స్వతంత్ర పక్షము, 1971 పరాజయములు

వ్యాపారవర్గము తనకొక పార్టీని కట్టుకొన్నదని 1959లో స్వతంత్ర పార్టీని గూర్చి పలువురనిరి. ఈ మాటలో సగమే నిజము. రాజాజీ ప్రేరకుడుగ, మునుపు టాటా సంస్థలో పనిచేసిన మినూ మసానీ కార్యదర్శిగ వెలసిన ఆ పార్టీకి తొలి అధ్యక్షుడు రైతునాయకుడగు ఆచార్య రంగా. గుంటూరుసీమ రైతు సమస్యలలో పుట్టిపెరిగిన రాజకీయము ఆయనది. ఆ పార్టీ 1962లో 18, 1967లో 44 లోక్‌సభ స్థానములు గెలిచినను, దాని బలములో పెద్దపాలు జమీందారులది, రైతులది. వర్తకులలో హెచ్చుమంది కాంగ్రెసునకు విరాళమిచ్చుట మానలేదు. కాంగ్రెసుతోపాటు స్వతంత్రకును ఇత్తుమని టాటాలు నిశ్చయించుకొనుటయే ఆనాటికి సాహసముగ తోచెను.

1969లో కంపెనీలు పార్టీలకు విరాళములిచ్చుటను పార్లమెంటు నిషేధించినది. రెండేండ్లకే, 1971 ఎన్నికలలో, నావల్ టాటా దక్షిణ బొంబాయినుండి స్వతంత్ర అభ్యర్థిగను, కృష్ణకుమార్ బిర్లా రాజస్థాన్‌లోని ఝుంఝునూ నుండి స్వతంత్ర పార్టీ అభ్యర్థిగను నిలిచి ఓడిపోయిరి. బ్యాంకుల జాతీయకరణము, రాజభరణముల రద్దు ప్రయత్నము, పేదరికమును తొలగింతుమను నినాదము – ఇన్ని కలసివచ్చిన ఆ యేట మహాధనికుని పేరే ఆతనికి ప్రతిబంధకమయ్యెను. వార్ధానుండి 1957 మొదలు మూడుమార్లు కాంగ్రెసు పక్షమున గెలిచిన కమలనయన్ బజాజు కథ దీనికి భిన్నము. ఆయనను గెలిపించినది మిల్లులు కావు, తండ్రి జమ్నాలాలు గాంధీజీ పాదములకడ సంపాదించిన పుణ్యము. ఆ తరమునకు గెలుపుదారి ఉద్యమమే గాని వ్యాపారము కాదు.

రాజ్యసభ ద్వారము

ఓడిన కృష్ణకుమార్ బిర్లా 1984లో రాజ్యసభకు వచ్చి 2002 వరకు నుండెను. నాటినుండి ఈ ద్వారము వెడల్పగుచునే యున్నది. 2002లోను 2010లోను కర్ణాటకనుండి విజయ్ మాల్యా, 2004లో ఉత్తరప్రదేశ్ నుండి అనిల్ అంబానీ, 2006లో మహారాష్ట్రనుండి రాహుల్ బజాజు పార్టీ సభ్యత్వము లేకయే, పార్టీల మద్దతుతో వచ్చినవారు. 2003లో ప్రజాప్రాతినిధ్య చట్టమును సవరించి, అభ్యర్థి ఆ రాష్ట్రమందు నివసించువాడై యుండవలెనను నియమమును తొలగించిరి. 2006లో సుప్రీంకోర్టు కులదీప్ నయ్యరు వ్యాజ్యమున దీనిని సమర్థించినది. గుజరాతునకు చెందిన రిలయన్స్ ఉన్నతాధికారి పరిమళ్ నత్వానీ మొదట ఝార్ఖండ్ నుండియు, 2020లో ఆంధ్రప్రదేశ్ నుండియు సభ్యుడగుట ఈ సవరణ వలననే సుగమమైనది.

ఇందలి లెక్కను దగ్గరగ చూడవలెను. 175 మంది సభ్యులుగల ఆంధ్రప్రదేశ్ శాసనసభ నాలుగు రాజ్యసభ స్థానములకు ఎన్నుకొనునపుడు ఒక్కొక్క స్థానమునకు 36 వోట్లు చాలును. అదే రాష్ట్రమున సగటున ఒక లోక్‌సభ నియోజకవర్గమునందు పదిహేను లక్షలకు తక్కువగాని వోటరులు. ముప్పదియారుగురి మనసు తెలిసినవానికి, పదిహేను లక్షలమంది ముంగిళ్లకు పోయి అడుగవలసినవానికి గల భేదము పరిమాణ భేదము కాదు. ఎవరికి జవాబుదారి యనుటలోనే భేదము. మొదటివాడు పార్టీ అధినాయకునికి, రెండవవాడు జనులకు ఋణపడును. మాల్యా తాను విమానసంస్థకు యజమానిగ నున్న కాలముననే పౌరవిమానయాన శాఖకు సంబంధించిన పార్లమెంటరీ సంప్రదింపుల సంఘమున సభ్యుడై యుండెను. నిపుణుని సలహా సభకు దొరకినదని దీనిని సమర్థించువారు కలరు. కాని ఏ శాఖ నిర్ణయములమీద తన సంస్థ లాభనష్టము లాధారపడియున్నవో ఆ శాఖకే సలహా చెప్పువానిని నిపుణుడనుట కంటె కక్షిదారుడనుట సత్యమునకు సమీపము.

తెలుగునాట: కాంట్రాక్టు, టికెట్టు

తెలుగునాట ఈ ప్రశ్న వేరొక రూపము దాల్చినది. ఇచ్చట వ్యాపారులు ఎక్కువగ ప్రజలచే ఎన్నికయ్యే లోక్‌సభకే పోయిరి. పోయినవారిలో ఎక్కువమంది కట్టడపు సంస్థలవారు. ల్యాంకో సంస్థకు చెందిన లగడపాటి రాజగోపాల్ 2004లోను 2009లోను విజయవాడనుండి, మధుకాన్ అధిపతి నామా నాగేశ్వరరావు 2009లోను 2019లోను ఖమ్మమునుండి గెలిచిరి; కావూరి సాంబశివరావు, టి. సుబ్బరామిరెడ్డి పేర్లును కట్టడపు కంపెనీలతో ముడిపడినవే. జలయజ్ఞమను నీటిపారుదల కార్యక్రమము నాటినుండి ఆనకట్టలు, కాలువలు, ఎత్తిపోతల పథకములు వేలకోట్ల టెండర్లుగ మారినపుడు, కాంట్రాక్టరునకు ప్రభుత్వము ఒక్కటే పెద్ద ఖాతాదారు అయ్యెను. అట్టివానికి రాజకీయము వ్యాపారమునుండి విశ్రాంతి కాదు, వ్యాపారమునకు రక్షణ. పార్టీలకును ఇది అక్కరకు వచ్చినది: లోక్‌సభ అభ్యర్థి తన ఖర్చు తాను భరించుటయే గాక తనక్రింద నున్న యేడు శాసనసభ స్థానముల ఖర్చును గూడ మోయగలవాడై యుండవలెనని పార్టీ కార్యాలయములలో బాహాటముగనే యనుకొందురు. ఇరువదియేండ్లు జెండా మోసిన కార్యకర్తకు ఈ లెక్కలో చోటు లేదు; ఆతని బాధను వివాదమున ఎవరును పరిగణింపకుండుట అన్యాయము.

ఇందుకు భిన్నమగు ఉదాహరణము గల్లా జయదేవ్ గారిది. తండ్రి స్థాపించిన అమరరాజా సంస్థ బ్యాటరీలు చేసి అమ్ముకొనునది. ప్రభుత్వపు టెండర్లే దానికి జీవనాధారము కాదు. 2014లోను 2019లోను గుంటూరునుండి గెలిచి, 2018లో అవిశ్వాస తీర్మానముపై చర్చను లోక్‌సభలో ప్రారంభించినవారాయన. 2021 ఏప్రిల్ ఆఖరున, సీసపు కాలుష్యము కారణముగ చూపి, చిత్తూరు జిల్లాలోని ఆ సంస్థ కర్మాగారములను మూయవలసినదిగ రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఉత్తరువులిచ్చెను. హైకోర్టు వానిని నిలిపివేసినది. పర్యావరణ రక్షణయే తన ఉద్దేశమని ప్రభుత్వమును, నియమముల నుల్లంఘింపలేదని సంస్థయు వాదించిరి. ప్రతిపక్ష సభ్యుని సంస్థ కనుకనే ఈ పని జరిగినదని అనేకులు తలచిరి. 2022 డిసెంబరులో ఆ సంస్థ 9,500 కోట్ల రూపాయల బ్యాటరీ కర్మాగారమును తెలంగాణములోని మహబూబ్‌నగరు జిల్లాయందు స్థాపింతునని ప్రకటించెను. 2024 జనవరిలో జయదేవ్ గారు క్రియాశీల రాజకీయములనుండి విరమించుకొనిరి. వ్యాపారి సభలోనికి వచ్చుట వలన రాజ్యమునకు కీడు కలుగునని భయపడువారు, రాజ్యము వలన వ్యాపారికి కలుగగల కీడును లెక్కింపరు. పరిశ్రమ యున్నవాడు ప్రతిపక్షమున ధైర్యముగ మాటాడజాలని దేశమున, పరిశ్రమ యున్నవారందరు అధికారపక్షమునకే చేరుదురు.

2024లో ఆ గుంటూరునుండియే పెమ్మసాని చంద్రశేఖర్ గెలిచి కేంద్రమున సహాయమంత్రి యైరి. బుర్రిపాలెమున పుట్టి, వైద్యుడై అమెరికాకు పోయి, అచ్చట యూవరల్డ్ అను పరీక్షాశిక్షణ సంస్థను పెంచిన ఆయన అఫిడవిట్టులో చూపిన కుటుంబపు ఆస్తి సుమారు 5,700 కోట్లు. ఇచ్చటి టెండరులతో పని లేని సంపద గలవాడు వచ్చుట యొక క్రొత్త మార్గము. ప్రవాసాంధ్రుల సంపద మన రాజకీయములలో నెట్లు పనిచేయునో తెలియుటకు ఇంకను కొన్ని ఎన్నికలు గడువవలెను.

బెంగుళూరు ప్రయోగము

మేనేజర్ల తరగతికి ప్రజాపరీక్ష 2014లో జరిగినది. నీలేకని 2009లోనే ఇన్ఫోసిస్‌ను విడిచి ఆధారు ప్రాధికార సంస్థకు అధ్యక్షుడై అయిదేండ్లు పనిచేసి, కాంగ్రెసులో చేరి బెంగుళూరు దక్షిణమున పోటీచేసెను. 1996నుండి ఆ స్థానమును విడువక పట్టుకొనియున్న అనంతకుమార్ ఆయనను 2,28,575 వోట్ల ఆధిక్యముతో ఓడించెను. అదే యెన్నికలో ఇన్ఫోసిస్‌లో ఆర్థికవ్యవహారముల పెద్దగ నుండిన వి. బాలకృష్ణన్ బెంగుళూరు సెంట్రలునందును, విదేశీ బ్యాంకు భారతశాఖకు అధిపతిగ నుండిన మీరా సన్యాల్ దక్షిణ ముంబయియందును ఆమ్ ఆద్మీ పార్టీ పక్షమున ఓడిరి. 2009లో ఇదే బెంగుళూరు దక్షిణమున విమానసంస్థ స్థాపకుడగు కెప్టెన్ గోపీనాథ్ స్వతంత్రుడుగ ఓడియుండెను.

ఓడినవారందరు విద్యావంతులు, నిష్కళంకులని పేరొందినవారు, తమ సంస్థలను విడిచివచ్చినవారు. వోటరు నైపుణ్యమును గౌరవింపడని కొందరు నిరాశపడిరి. ఈ తీర్పు నాకు సరిగా తోచదు. అనంతకుమార్ పద్దెనిమిదేండ్లు ఆ నియోజకవర్గమున పెండ్లిండ్లకు, చావులకు, మంచినీటి తగవులకు పోయినవాడు; సంస్థ నాయకత్వమునకు వలెనే ప్రాతినిధ్యమునకును ఒక శిక్షణకాలము కలదనియే వోటరు చెప్పినది. ఇట్టి శిక్షణకాలమును దాటించు ఉపాయమే రాజ్యసభ. ఐ.ఏ.ఎస్. విడిచి జనరల్ ఎలక్ట్రిక్, సీమెన్స్ సంస్థలలో పనిచేసిన అశ్వినీ వైష్ణవ్ 2019లో ఒడిశానుండి రాజ్యసభకు వచ్చి, 2021లో రైల్వేమంత్రి యైరి. రాజీవ్ చంద్రశేఖర్ తన టెలిఫోను సంస్థను అమ్మివేసి 2006లో రాజ్యసభకు వచ్చి, మంత్రియై, 2024లో తిరువనంతపురమున లోక్‌సభకు నిలిచి పదియారువేల పైచిలుకు వోట్లతో ఓడిరి.

మూడు వాదములు

మొదటి వాదము సామర్థ్యవాదము. ఖజానాను లెక్కగ వాడుట, గడువులోగ పని ముగించుట తెలిసినవారు ప్రభుత్వమునకు కావలెనని వీరందురు. పరిశోధనల సాక్ష్యము వీరికి పూర్తిగ అనుకూలము కాదు, పూర్తిగ ప్రతికూలమును కాదు. అమెరికా గవర్నరులను పరిశీలించి 2018లో వెలువడిన యొక అధ్యయనము, వ్యాపారసంస్థలను నడపిన గవర్నరుల పాలనయందు ఆదాయవృద్ధి మెరుగనియు నిరుద్యోగము తక్కువనియు చెప్పినది. కాలిఫోర్నియా నగరసభలను పరిశీలించిన 2016నాటి అధ్యయనము, వ్యాపారులు గెలిచినను నగరపు ఆదాయవ్యయములలో గాని ఉపాధిలో గాని మార్పు కానరాదని తేల్చినది. ఫోర్డు కంపెనీ అధ్యక్షపదవినుండి 1961లో అమెరికా రక్షణశాఖకు వచ్చిన రాబర్టు మెక్‌నమారా సంఖ్యలయందు అసమాన ప్రజ్ఞావంతుడు. వియత్నామున ఆ సంఖ్యలే ఆయనను త్రోవ తప్పించినవి. సంస్థలో లాభమను ఒకే కొలత కలదు, రాజ్యమున కొలతలు పెక్కు, అవియు ఒకదానితో నొకటి కలహించునవి.

రెండవది శంకావాదము. వచ్చువాడు సేవకై కాదు, స్వలాభమునకై వచ్చునని వీరి మాట. రష్యా ప్రాంతీయ సభలను గూర్చి డేవిడ్ సకోన్యి 2018లో ప్రకటించిన పరిశోధన వీరికి బలము చేకూర్చినది: కొద్దిపాటి వోట్లతో గెలిచినవారి కంపెనీలను, కొద్దిపాటి వోట్లతో ఓడినవారి కంపెనీలతో పోల్చగా, గెలిచినవారి సంస్థల రాబడియు లాభమును స్పష్టముగ పెరిగినవని తేలినది. థాయిలాండున థక్సిన్ షినవత్ర ప్రధానియై యుండగనే 2006లో ఆయన కుటుంబము టెలికం వాటాలను సింగపూరు సంస్థకు సుమారు 7,300 కోట్ల బాత్‌లకు పన్ను లేకుండ అమ్ముట, వీధులలో ఉద్యమమునకు కారణమై, ఆ సెప్టెంబరుననే సైనికచర్యకు దారితీసెను.

మూడవది బహిరంగవాదము: ధనము తెరవెనుకనుండి రాజ్యమును నడపుటకంటె, ధనికుడు తన పేరుతో సభలో కూర్చుండి, అఫిడవిట్టు దాఖలుచేసి, పత్రికల ప్రశ్నలకు జవాబు చెప్పుట మేలు. ఎన్నికల బాండ్ల రహస్యమును 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టివేయు వరకు మన దేశమున ధనము ఎంత చాటుగ ప్రవహించినదో తలచినచో ఈ వాదమునకు బలము కలదు. కాని సభలో కూర్చున్నవాడు విరాళమిచ్చుట మానునను పూచీ యెచ్చటను లేదు.

చట్టము పట్టునది, పట్టనిది

అభ్యర్థి తన ఆస్తులు ప్రకటింపవలెనని 2002లో సుప్రీంకోర్టు నిర్ణయించిన పిమ్మట, ప్రకటనకు సంబంధించినంతవరకు మన చట్టము మంచిదే. రాజ్యసభ సభ్యులు డైరెక్టరు పదవులు, అధికారమిచ్చు వాటాలు, సలహాదారు జీతములు మున్నగు అయిదు విషయములను రిజిస్టరులో వ్రాయించవలెను. తన స్వంత ఆర్థికలాభమునకు ప్రత్యక్షముగ తగులు విషయమున లోక్‌సభ సభ్యుడు వోటు వేసినచో దానిపై అభ్యంతరము తెలుపవచ్చును. అయితే ప్రకటించుట వేరు, విడిచిపెట్టుట వేరు.

విడిచిపెట్టుటను గూర్చినది ప్రజాప్రాతినిధ్య చట్టము 9ఎ సెక్షను. వస్తువుల సరఫరాకు గాని పనుల నిర్వహణకు గాని సంబంధిత ప్రభుత్వముతో తాను చేసికొన్న కాంట్రాక్టు అమలులో నున్నచో సభ్యుడు అనర్హుడగును. చూచుటకు గట్టి నియమమే. కాని దానికి మూడు చిల్లులు కలవు. మొదటిది, పార్లమెంటు సభ్యుని విషయమున సంబంధిత ప్రభుత్వమనగా కేంద్రము మాత్రమే. కనుక రాష్ట్రప్రభుత్వమునకు కాలువలు త్రవ్వువాడు లోక్‌సభలో నిశ్చింతగ నుండవచ్చును. రెండవది, చట్టము దృష్టిలో కంపెనీ వేరు, వాటాదారు వేరు; కాంట్రాక్టు కంపెనీది కనుక సభ్యునికి అంటదు. పోలవరము ప్రధాన కట్టడపు పనిని 2013లో పొందిన ట్రాన్‌స్ట్రాయ్ సంస్థతో ముడిపడిన రాయపాటి సాంబశివరావు గారు 2014లో నరసరావుపేటనుండి సభ్యులగుటకు చట్టరీత్యా ఏ ఆటంకమును లేకపోయినది. మూడవది, నియమపు మాటలు మిగుల ఇరుకు. గనుల లీజు 'పనుల నిర్వహణ'క్రిందికి రాదని 2001లో సుప్రీంకోర్టు చెప్పినది. ఇది న్యాయమూర్తుల దోషము కాదు. అనర్హతా నియమమును విశాలార్థమున చదువరాదనుట పాత సూత్రము. విశాలముగ వ్రాయవలసినది పార్లమెంటు.

మంత్రులకు ప్రవర్తనా నియమావళి కలదు. పదవికి ముందే వ్యాపార నిర్వహణతో సంబంధము తెంచుకొనవలెను. ప్రభుత్వమునకు సరుకులో సేవలో అందించు సంస్థయైనచో యాజమాన్యమును గూడ వదలుకొనవలెను. అంతవరకు బాగున్నది. ఆ వెంటనే, భార్యకు లేక భర్తకు తప్ప కుటుంబములోని వయసు వచ్చిన మరెవ్వరికైనను వానిని బదిలీ చేయవచ్చునని వెసులుబాటు ఇచ్చినది. కొడుకునకు ఇచ్చినచో చాలును. 1965లో కృష్ణమాచారిని దింపిన చిక్కునే ఈ వాక్యము చట్టబద్ధమగు మార్గముగ చూపుచున్నది. మీదుమిక్కిలి ఇది నియమావళి మాత్రమే, శాసనము కాదు. ఉల్లంఘనకు శిక్ష ప్రధాని యిష్టాయిష్టములపై ఆధారపడును.

పరదేశములు మనకంటె చాల ముందున్నవని భ్రమపడనక్కరలేదు. 1953లో జనరల్ మోటార్సు అధ్యక్షుడు చార్లెస్ విల్సన్ రక్షణమంత్రి యగుటకు ముందు వాటాలమ్మవలెనని అమెరికా సెనేటు పట్టుపట్టి అమ్మించినది. కాని అచ్చటి స్వార్థవిరోధ శాసనము అధ్యక్షునికి వర్తింపదు. టెలివిజను సంస్థల యజమాని యగు బెర్లుస్కోనీ ప్రధానిగ నున్న కాలమున 2004లో ఇటలీ చేసిన చట్టము సంస్థ నిర్వహణను నిషేధించెనే గాని యాజమాన్యమును ముట్టలేదు.

తేలవలసినవి

సామర్థ్యము సంస్థనుండి రాజ్యమునకు ఎంతవరకు బదిలీయగునో ఇంతవరకు తేలలేదు. భారతదేశపు సభ్యుల కంపెనీల లెక్కలను, వారి వోట్లను, వారడిగిన ప్రశ్నలను కలిపి చూచు సమగ్రమగు పరిశీలన జరిగినగాని తేలదు. ధనికుని ఆటంకపరచినచో ధనము మరల తెరవెనుకకే పోవునా యనుటయు తేలలేదు. పరిశ్రమయున్న ప్రతిపక్ష సభ్యునికి, నియంత్రణ సంస్థల వేటునుండి, నిజముగ తప్పుచేసినచో శిక్ష తప్పకుండునట్లుగనే, రక్షణ కల్పించుట యెట్లో ఎవరును ఆలోచింపలేదు. ఈ చివరి ప్రశ్న మిక్కిలి కఠినము. మిగిలినవానికంటె తొందరగ జవాబు కావలసినదియు నిదియే.

కాని కొన్నిటికి పరిశోధన లక్కరలేదు. 9ఎ సెక్షనులో 'సంబంధిత ప్రభుత్వము'నకు రాష్ట్రములను చేర్చుట, నిర్ణీతమగు పాలుకు మించి సభ్యునికి గాని ఆతని కుటుంబమునకు గాని వాటాయున్న కంపెనీ కాంట్రాక్టును ఆతనిదిగనే యెంచుట, మంత్రుల నియమావళిలో కుటుంబసభ్యులకు బదిలీచేయు వెసులుబాటును తొలగించి దానిని శాసనముగ మార్చుట – ఈ మూడును ఒకే బిల్లులో ఇమిడునవి. నీలేకని వంటివారిని ఇవి యేమియు చేయవు. విడిచిరావలసినది వారు ముందే విడిచివచ్చిరి. ఈ సవరణ తాకునది విడువక వచ్చువారిని. అట్టివారు ఉభయసభలలోను, అన్ని పక్షములలోను కలరు కనుకనే ఏ పక్షమును నేటివరకు ఆ బిల్లును తెచ్చుటకు పూనుకొనలేదు.